పేరు తప్పా, నమూనా తప్పా?

పిల్లలూ! నిరుడు మా బడిలో సైన్సు ప్రదర్శన పెట్టాం. పదో తరగతి కుర్రాళ్ళు నలుగురు ముందుగానే నా దగ్గరికి వచ్చి, "మాస్టారూ, ఈసారి పేర్లు కాగితం మీద రాయొద్దు. కంప్యూటరులో తెలుగులోనే నమోదు చేద్దాం. ప్రోగ్రాం మేమే రాస్తాం" అన్నారు. సంతోషించాను. రాశారు. రమణ, కమల, వనజ అని మూడు పేర్లు కొట్టి చూపించారు. మూడూ చక్కగా నమోదయ్యాయి. భేష్ అన్నాను.

మర్నాడు పొద్దున్నే వరసలో అందరికన్నా ముందు ఆరో తరగతి అమ్మాయి నిలబడింది. చేతిలో నిమ్మకాయ బ్యాటరీ. ఆ పిల్ల పేరు లక్ష్మి అనుకోండి. పేరు కొట్టింది. "చెల్లని పేరు" అని తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే. నేనూ తక్కువ తినలేదు. "సరిగ్గా కొట్టావా, తల్లీ? వత్తు తప్పు పోయిందేమో చూసుకో" అన్నాను. మూడోసారి కూడా "చెల్లని పేరు" అనేసరికి ఆ అమ్మాయి ఇంకేమీ అనకుండా తన నిమ్మకాయలు తీసుకుని క్లాసుకు వెళ్ళిపోయింది. ఆమె వెనక ఉన్న గోపి పేరూ చెల్లలేదు. అతని వెనక ఉన్న మస్తాన్ పేరూ చెల్లలేదు. అప్పటికిగాని మాకు తెలివి రాలేదు, తప్పు పేర్లలో లేదని!

ఆ తప్పు ఏమిటో చెప్పడానికే ఇది రాస్తున్నాను. అది మా కుర్రాళ్ళు మాత్రమే చేసే తప్పు కాదు. జీతాలు తీసుకుని ప్రోగ్రాములు రాసే పెద్దవాళ్ళూ చేస్తారు.

కంప్యూటరుకు "ఇలాంటి రాతను వెతుకు", "ఇలాంటి రాతనే ఒప్పుకో" అని చెప్పడానికి ఒక చిన్న భాష ఉంది. దాన్ని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషను అంటారు. మనం సులువుగా నమూనా అందాం. దీని పుట్టుక వింతగా ఉంటుంది. మెదడులోని నాడీకణాలు లెక్కలు ఎలా చెయ్యగలవని 1943లో మెకల్లక్, పిట్స్ అనే ఇద్దరు ఒక గణిత చిత్రం గీశారు. ఆ చిత్రాన్ని పరిశీలిస్తూ 1951లో స్టీఫెన్ క్లేనీ అనే అమెరికా గణితవేత్త ఈ నమూనాల బీజగణితాన్ని కనిపెట్టాడు. 1968లో కెన్ థాంప్సన్ దాన్ని రాతల్లో మాటలు వెతికే పనికి ఎలా వాడుకోవచ్చో చూపించాడు. నాడీకణాల కోసం పుట్టిన లెక్క అలా మన పేర్ల మీదికి వచ్చిందన్నమాట.

ఈ భాషలో తప్పులకు పుట్టిళ్ళు రెండు. ఒకటి చదరపు బ్రాకెట్లు. రెండోది నిలువు గీత.

చదరపు బ్రాకెట్లలో అక్షరాలు పెడితే "వీటిలో ఏదో ఒకటి" అని అర్థం. [కచట] అంటే క గాని, చ గాని, ట గాని. ఒక్కటే సుమా! మూడూ కలిసి కాదు. నడుమ అడ్డగీత పెడితే "ఇక్కడి నుంచి ఇక్కడి దాకా". [0-9] అంటే సున్నా నుంచి తొమ్మిది దాకా ఏదో ఒక అంకె. బ్రాకెట్ల బయట టోపీ గుర్తు ^ పెడితే రాత మొదలు, డాలరు గుర్తు $ పెడితే రాత చివర, కూడిక గుర్తు + పెడితే "ఒకటో, అంతకన్నా ఎక్కువో". మా వాళ్ళు పేరుకు రాసిన నమూనా ఇది:

^[అ-హ]+$

మొదటి నుంచి చివరి దాకా అ-హ నడుమ ఉన్న అక్షరాలే ఉండాలి అని. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందో! తెలుగు అక్షరాలన్నీ అ నుంచి హ దాకానే కదా అనుకున్నారు.

కాని కంప్యూటరుకు మన గుణింతం మనకు తెలిసినట్టు తెలియదు. దానికి ప్రతి గుర్తుకూ ఒక సంఖ్య ఉంటుంది. ప్రపంచంలోని లిపులన్నిటికీ సంఖ్యలిచ్చే యూనికోడ్ అనే పట్టికలో తెలుగుకు 3072 నుంచి 3199 దాకా 128 స్థానాలు కేటాయించారు. అందులో అ సంఖ్య 3077, హ సంఖ్య 3129. దీర్ఘం, గుడి, కొమ్ము లాంటివి 3134 నుంచి మొదలవుతాయి. పొల్లు 3149. అంటే గుణింతపు గుర్తులన్నీ హ దాటాక ఉన్నాయి. సున్నా 3074 కనుక అది అ కన్నా ముందే ఉంది. మనం "సీ" అని ఒక్క అక్షరంగా చూసేది కంప్యూటరుకు స, గుడి దీర్ఘం అని రెండు గుర్తులు. "లక్ష్మి" ఎన్ని గుర్తులో లెక్కపెట్టండి: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఏడు! అందులో పొల్లు, పొల్లు, గుడి మూడూ మా వాళ్ళ నమూనాకు బయటే ఉన్నాయి. ఇక చెల్లని పేరు కాక ఏమవుతుంది?

రమణ, కమల, వనజ ఎందుకు చెల్లాయో ఇప్పుడు తెలిసిందా? వాటిలో అన్నీ తలకట్టు అక్షరాలే. తలకట్టుకు వేరే గుర్తు లేదు. పాపం కుర్రాళ్ళు పరీక్షకు ఎంచుకున్న మూడు పేర్లూ అలాంటివే అయ్యాయి.

తప్పు దిద్దబోయి ఒకడు, "మన అక్షరమాల హ తో ఆగదు మాస్టారూ, ళ, క్ష, ఱ ఉన్నాయిగా!" అని [అ-ఱ] అని మార్చాడు. అంతే, కమల, వనజ కూడా చెల్లకుండా పోయారు! ఎందుకంటే యూనికోడ్ పట్టికలో ఱ చివర లేదు, ర పక్కన ఉంది. ర 3120, ఱ 3121, ల 3122, ళ 3123, వ 3125. మన దేశపు లిపులన్నిటిలో ఒకే రకం అక్షరం ఒకే వరస స్థానంలో ఉండాలని 1988 నాటి ఇస్కీ పట్టికలో అమర్చారు. యూనికోడ్ ఆ అమరికనే తీసుకుంది. అందుచేత ర పక్కన ఱ, ల పక్కన ళ. పెద్దబాలశిక్ష వరస వేరు, కంప్యూటరు వరస వేరు. అ నుంచి ఱ దాకా అంటే ల, ళ, వ, శ, ష, స, హ అన్నీ పోయినట్టే.

ఇంకొకడు [అ-క్ష] అన్నాడు. ఇది మరీ తమాషా. క్ష మనకు ఒక అక్షరం. కంప్యూటరుకు క, పొల్లు, ష. కాబట్టి ఈ నమూనాకు అర్థం "అ నుంచి క దాకా, లేదా పొల్లు, లేదా ష". రమణ కూడా బయటికి పోయాడు. మూడు నమూనాలు మారేసరికి మా కంప్యూటరు దృష్టిలో బడిలో పిల్లలే లేరు.

ఈ తప్పులన్నిటి మూలం ఒక్కటే. బ్రాకెట్ల లోపల మాటలు ఉండవు, విడివిడి గుర్తులే ఉంటాయి. అది మరిచిపోయి [పిల్లి|కుక్క] అని రాసేవాళ్ళు నాకు ఏటా కనిపిస్తారు. వాళ్ళ ఉద్దేశం పిల్లిగాని కుక్కగాని అని. కంప్యూటరుకు అర్థమయ్యేది వేరు. ప, ల, క, గుడి, కొమ్ము, పొల్లు, నిలువు గీత, ఈ ఏడింటిలో ఏదో ఒకటి అని. అవును, నిలువు గీత కూడా! బ్రాకెట్ల లోపలికి వెళితే దానికి "లేదా" అనే అర్థం పోయి వట్టి గీతగా మిగిలిపోతుంది. చుక్క సంగతీ అంతే. బయట ఉంటే "ఏ గుర్తయినా సరే", లోపల ఉంటే వట్టి చుక్క. టోపీ గుర్తు మరీ పేచీకోరు. బయట "మొదలు" అని అర్థం, లోపల మొట్టమొదట ఉంటే "ఇవి కానిది" అని అర్థం. [^0-9] అంటే "అంకె కాని ఒక గుర్తు". "అంకెలు అసలు లేవు" అని కాదు. "క9" అనే రాతలో క ఉంది గనుక ఈ నమూనా దొరికిందనే అంటుంది.

సంఖ్యల దగ్గర పడే తప్పులు నాకు మరీ ఇష్టం, లెక్కల మాస్టారికి చూపించి నవ్వుకోవచ్చు. పుట్టిన నెలకు ఒకడు ^[1-12]$ అని రాశాడు. ఒకటి నుంచి పన్నెండు అని వాడి ఉద్దేశం. కాని గుంపులో ఉండేవి గుర్తులు కదా, సంఖ్యలు కావు కదా! అది "1 నుంచి 1 దాకా, లేదా 2". ఆ ఫారము ప్రకారం జనవరి, ఫిబ్రవరి నెలల్లో పుట్టినవాళ్ళే మనుషులు. నేను శ్రావణంలో పుట్టాను, నాకు పుట్టుకే లేదు. సరైనది ఇలా ఉండాలి: ^([1-9]|1[0-2])$. అంటే 1 నుంచి 9 దాకా ఒక అంకె, లేదా 1 పక్కన 0, 1, 2లలో ఒకటి.

తరగతి గడికి ఇంకొకడు [6-10] అని రాశాడు. ఇది అలా కాదు, రాయగానే కంప్యూటరు మొరాయించింది. 6 నుంచి 1 దాకా వెనక్కు నడవమంటే అది నడవదు. చూశారా, ఈ రెండు తప్పుల్లో అరిచే తప్పు మంచిది. [1-12] నోరు మెదపదు. మార్చిలో పుట్టిన పిల్ల వచ్చి నిలబడేదాకా అది తప్పని ఎవరికీ తెలియదు.

నోరు మెదపని తప్పు ఇంకొకటి చెబుతాను. తేదీని కొందరు చుక్కలతో రాస్తారు, కొందరు అడ్డగీతలతో, కొందరు ఏటవాలు గీతలతో. మూడూ ఒప్పుకుందామని [.-/] అని రాశారు. చుక్క, అడ్డగీత, ఏటవాలు గీత, మూడూ కనిపిస్తూనే ఉన్నాయి. కాని నడుమ ఉన్న అడ్డగీత "నుంచి దాకా" అయి కూర్చుంది. చుక్క సంఖ్య 46, ఏటవాలు గీత 47. రెండింటి నడుమ ఏమీ లేదు. అడ్డగీత సంఖ్య 45, బయటే ఉండిపోయింది! రాసినవాడి కళ్ళ ముందే ఉన్న గుర్తు నమూనాలో లేదు. [./-] అని దాన్ని చివరికి తోసేస్తే సరిపోతుంది. ఇంగ్లీషు అక్షరాల దగ్గరా ఇదే బెడద. పెద్ద ఏ నుంచి చిన్న జెడ్ దాకా అని ఒకే వరసగా రాస్తే అన్నీ వచ్చేస్తాయనుకుంటారు. పెద్ద అక్షరాలు 65 నుంచి 90, చిన్నవి 97 నుంచి 122. నడుమ ఉన్న ఆరు స్థానాల్లో చదరపు బ్రాకెట్లు, కింది గీత లాంటి గుర్తులు కూర్చుని ఉంటాయి. అవి కూడా పిలవని పేరంటానికి వచ్చేస్తాయి.

ఇక నిలువు గీత సంగతి. తరగతి గడిని మా వాళ్ళు ఇలా దిద్దారు: ^6|7|8|9|10$. బాగానే ఉందే అనిపించింది. ఎవడో ఆకతాయి 1978 అని కొట్టాడు. నమోదైంది! 65 అని కొట్టాడు. అదీ నమోదైంది. నిలువు గీతకు పట్టు చాలా తక్కువ. తనకు ఎడమన ఉన్నదంతా ఒక ముక్క, కుడిన ఉన్నదంతా ఒక ముక్క చేసి పారేస్తుంది. టోపీ గుర్తు 6కే అంటుకుంది, డాలరు గుర్తు 10కే అంటుకుంది. కనుక అర్థం "6తో మొదలైనా సరే, ఎక్కడైనా 7 ఉన్నా సరే, 8 ఉన్నా సరే, 9 ఉన్నా సరే, 10తో ముగిసినా సరే". మీకు లెక్కల్లో కూడికకన్నా గుణకారం ముందు అని చెప్పలేదూ? ఇక్కడ నిలువు గీత కూడికలాంటిది, అందరికన్నా వెనక. గుండ్రటి బ్రాకెట్లు వేస్తే దారికొస్తుంది: ^(6|7|8|9|10)$.

దీనికి ఇంకో అలవాటు ఉంది. విజయ|విజయవాడ|విజయనగరం అనే నమూనాతో ఊర్ల పేర్లు వెతకమనండి. పైథాన్, జావాస్క్రిప్ట్ లాంటి భాషల్లో ఎడమనుంచి మొదట ఏది కుదిరితే అదే తీసుకుని ఊరుకుంటుంది. "విజయవాడ"లో "విజయ" దొరకగానే దాని పని అయిపోయింది, "వాడ" గాలికి. పొడవైన పేర్లు ముందు రాయాలి. 1973లో యూనిక్స్‌తో వచ్చిన గ్రెప్ కుటుంబపు పనిముట్లు మాత్రం అన్నిటిలోకి పొడవైనదాన్ని ఏరుకుంటాయి. ఒకే నమూనా ఇంకో చోట ఇంకో ఫలితం ఇస్తుందని దీనివల్ల గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు నా అభిప్రాయం చెబుతాను, కొందరు మాస్టార్లకు కోపం వచ్చినా సరే. "చదరపు బ్రాకెట్లంటే గుంపు, నిలువు గీత అంటే లేదా" అని బట్టీ పట్టించి రెండు మార్కుల ప్రశ్న అడిగితే పిల్లలకు నమూనాలు రావు. పైన చెప్పిన తప్పులు చేసిన కుర్రాళ్ళందరికీ ఆ రెండు మార్కులూ వచ్చే ఉంటాయి. వాళ్ళకు లేనిది పరీక్షించే అలవాటు. పిండిపదార్థం ఉందో లేదో తెలియడానికి అయోడిన్ వేస్తాం కదా. బంగాళాదుంప మీద వేసి నీలం వచ్చిందని ఊరుకుంటామా? పిండి లేని దాని మీద కూడా వేసి, రంగు రాలేదని చూస్తేనే ఆ పరీక్ష మీద నమ్మకం. నమూనాకూ అంతే. ఒప్పుకోవలసినవి పది, తోసెయ్యవలసినవి పది కాగితం మీద ముందే రాసుకోవాలి. 6, 10 చెల్లాయని చూడ్డంతో పాటు 5, 11, 65 చెల్లలేదని కూడా చూడాలి. రమణను ఒక్కణ్ణే కాదు, లక్ష్మినీ మస్తాన్‌నూ కూడా పిలవాలి. ఆ ఇరవై మాటలు రాయడానికి కంప్యూటరు కూడా అక్కర్లేదు, పలక చాలు.

"అడిగితే నమూనా రాసిపెట్టే యంత్రాలే వచ్చాయి, ఇప్పుడివన్నీ ఎందుకు మాస్టారూ?" అంటారు. వచ్చాయి నిజమే. రాసిపెడతాయి. [.-/] కూడా రాసిపెట్టవచ్చు. చదవడం రానివాడు దాన్ని చూసి బాగుందనే అంటాడు, ఎందుకంటే అది చూడ్డానికి బాగానే ఉంటుంది!

పేర్ల విషయంలో నా అభిప్రాయం ఇంకా మొండిది. నెలకు, తరగతికి, పిన్‌కోడ్‌కు నమూనా ఉండాల్సిందే. వాటికి హద్దులున్నాయి. పేరుకు హద్దు ఏది? మనిషి తన పేరు తాను చెప్పుకుంటూ ఉంటే, కాదు, అది పేరు కాదు అనే అధికారం ఫారముకు ఎవరిచ్చారు? ఈ మాట కోపంతో అన్నది కాదు, ఆ రోజు మధ్యాహ్నం జరిగినది చూశాక అంటున్నది. కుర్రాళ్ళు చివరికి బుద్ధిగా పట్టిక ముందు పెట్టుకుని, 3072 నుంచి 3199 దాకా ఉన్న తెలుగు గుర్తులన్నీ, చుక్క, ఖాళీ కూడా గుంపులో చేర్చారు. లక్ష్మి, గోపి, మస్తాన్, గంగ, ఇంటిపేరు పొడి అక్షరంతో సహా "కె. సుజాత", అందరూ చెల్లారు. హమ్మయ్య అనుకున్నాం. అప్పుడు రాజ్‌కుమార్ వచ్చాడు. చెల్లలేదు!

రాజ్‌కుమార్‌లో ఏముంది? జ పొల్లు తరవాత క వస్తే కంప్యూటరు రెంటినీ కలిపి జ కింద క వత్తు వేసేస్తుంది. అలా కలవకుండా ఉండడానికి నడుమ కంటికి కనిపించని గుర్తు ఒకటి ఉంటుంది. దాని సంఖ్య 8204. తెలుగు గడుల్లో అది లేదు, ఎక్కడో దూరంగా ఉంది. ఆ అబ్బాయి తన పేరు సరిగ్గా కొట్టడమే తప్పయింది. ఆ గుర్తును కూడా చేర్చవచ్చు, నిజమే. చేర్చాక ఇంకెవరు వస్తారో?

అందుకని పేరు గడి నుంచి ఆ నమూనాను పూర్తిగా తీయించాను. గడి ఖాళీగా లేకపోతే చాలు. తరవాత ఆరో తరగతికి వెళ్ళి లక్ష్మిని వెనక్కు పిలుచుకొచ్చాను. తప్పు నాదని అందరి ఎదటా చెప్పాను. ఆ పిల్ల నమ్మకం లేనట్టు ఒక్కొక్క అక్షరమే కొట్టింది. నమోదైంది. మొదటి వరసలో బల్లలు నిండిపోయాయి, కిటికీ పక్క చిన్న బల్ల ఇచ్చాం. ఆమె నాలుగు నిమ్మకాయలను రాగితీగలూ జింకు మేకులతో వరసగా కలిపితే చిన్న ఎర్ర దీపం వెలిగింది.

మీకో పని. మీ తరగతి హాజరుపట్టీ తీసుకుని ^[అ-హ]+$ అనే నమూనాలో ఎందరి పేర్లు చెల్లుతాయో చేత్తో లెక్కపెట్టండి. తరవాత ^[అ-ఱ]+$ లో ఎందరు మిగులుతారో చూడండి. ఆపైన ^రామ|కృష్ణ$ అనే నమూనాకు రామయ్య, బాలకృష్ణ, కృష్ణమూర్తి, శ్రీరామ, రామకృష్ణలలో ఎవరు చిక్కుతారో, ఎవరు తప్పించుకుంటారో కారణంతో సహా రాసి, మీ సైన్సు మాస్టారికి చూపించండి. ఆయన ఒప్పుకోకపోతే కంప్యూటరు ముందు కూర్చోబెట్టండి.